కాంక్రీటులో యాంకరు బోల్టులు – పంచాయతీ సభ్యులు గమనింపవలసిన విషయములు

మన గ్రామములలో ఇనుప సామగ్రిని కాంక్రీటునకు బిగింపవలసిన పనులు నానాటికి పెరుగుచున్నవి. సోలారు వీధిదీపపు స్తంభము, మంచినీటి పంపుసెట్టు, ఓవర్‌హెడ్ ట్యాంకు నిచ్చెన, బడి ఆవరణలోని ఊయల, పంచాయతీ కార్యాలయము ముందరి రేకుల పందిరి – ఇవన్నియు కొలది బోల్టుల మీదనే ఆధారపడి నిలుచును. లంగరు ఓడను నిలిపినట్లు, వీనిని కాంక్రీటునందు కదలకుండ నిలుపు బోల్టునకే యాంకరు బోల్టని పేరు. పని మొత్తపు వ్యయములో దీని వెల స్వల్పము. కాని అది ఊడిననాడు స్తంభము పడునది వీధిలో నడచు వారి మీదనే; ఊయల కూలునది పిల్లలు ఊగుచుండగనే.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ చట్టముచే చేర్పబడిన 11వ షెడ్యూలులో 29 అంశములు కలవు. త్రాగునీరు, గ్రామ విద్యుదీకరణము, సామాజిక ఆస్తుల నిర్వహణము వానిలోనివే. ఈ పనులు సక్రమముగ జరుగుచున్నవా లేదా అని చూచుట మన బాధ్యత. ఇందులకు సభ్యులు ఇంజనీర్లు కానక్కరలేదు. ఏమి అడుగవలెనో, ఏ సమయమున పనిచోట ఉండవలెనో తెలిసిన చాలును.

బలము ఎచ్చటనున్నది?

బోల్టు లావుగ నున్నచో పని గట్టిదని పలువురు తలచుచుందురు. ఇది సగము నిజము మాత్రమే. కాంక్రీటు నొక్కుడును బాగుగ ఓర్చుకొనును, లాగుడును ఓర్చుకొనలేదు. దాని లాగుడు బలము నొక్కుడు బలములో సుమారు పదవ వంతు మాత్రమే. అందుచే బోల్టును బలముగ పైకి లాగినపుడు, ఇనుము తెగుటకు ముందే, బోల్టు చుట్టునున్న కాంక్రీటు గరాటు ఆకారమున పెల్లగిలి బోల్టుతోపాటు ఊడి వచ్చుట కలదు.

ఈ గరాటు పైభాగమున ఎంత దూరము వ్యాపించునో లెక్క కలదు. బోల్టు కాంక్రీటులో దిగిన లోతునకు ఒకటిన్నర రెట్ల దూరము నాలుగు వైపుల వ్యాపించును. లోతు 8 సెంటీమీటర్లయినచో ప్రతి వైపునకు 12 సెంటీమీటర్లన్నమాట. కావున ఆ బోల్టునకు పూర్తి బలము కావలెనన్నచో దిమ్మె అంచు 12 సెంటీమీటర్లకు తక్కువ దూరమున నుండరాదు. రెండు బోల్టుల నడుమ 24 సెంటీమీటర్లకు తక్కువ ఉండరాదు. అంతకన్న దగ్గరగ పెట్టవలసి వచ్చినచో బలము తగ్గుననియే లెక్క కట్టవలెను. అంచుకు చేరువగ బిగించిన బోల్టు అంచును పగులగొట్టుకొని వచ్చుటకు కారణమిదియే.

లోతు విషయము మరియొకటి. అంచులు దూరముగ నున్నచోట, లోతును రెట్టింపు చేసినచో కాంక్రీటు పట్టు సుమారు 2.8 రెట్లగును. ఈ లోతును కాంక్రీటులోనే కొలువవలెను. పైనున్న సిమెంటు పూతను, గచ్చును లెక్కలోనికి తీసికొనరాదు.

రెండు విధములైన బోల్టులు

మొదటి విధము, కాంక్రీటు పోయుటకు ముందే నిలిపి పోతలో కలిపివేయు బోల్టు. రెండవది, గట్టిపడిన కాంక్రీటును డ్రిల్లుతో తొలిచి బిగించు బోల్టు. ఇందు మరల రెండు రకములు కలవు: నట్టు బిగించినకొలది రంధ్రములో వ్యాకోచించి గోడలను పట్టుకొను బోల్టు ఒకటి, రసాయనపు జిగురుతో అతికించు కడ్డీ మరియొకటి.

పని క్రొత్తదైనచో మొదటి విధమే మేలు. వీధిదీపపు స్తంభమును గాలి అటునిటు ఊపుచుండును. పంపుసెట్టు నిరంతరము అదరుచుండును. ఇట్టి చోట్ల పోతలోనే నిలిపిన బోల్టులను ఎన్నుకొనవలెను. వ్యాకోచించు సామాన్యపు బోల్టు అదరుటచే క్రమముగ వదులగును. ఇటుక గోడకు, బోలు సిమెంటు ఇటుకలకు కాంక్రీటు కొరకు చేసిన బోల్టులు పనికిరావు.

పోతలో నిలుపు పద్ధతి

పునాది బోల్టులకు భారత ప్రమాణముల సంస్థ వారి ఐ.యస్. 5624 అను ప్రమాణము కలదు. బోల్టు లావు, పొడవు, అడుగు ఆకారము నమూనా పటములో ఉన్నవిధముగనే ఉండవలెను. అడుగున తలగాని పలకగాని ఉన్న బోల్టు, కేవలము వంపు తిరిగిన బోల్టు కన్న లాగుడునకు బాగుగ నిలుచును. వంపు బలమైన లాగుడునకు సాగి నిటారగుట కలదు. సముద్ర తీర గ్రామములలో ఉప్పుగాలి తగులును గనుక, కరిగిన జింకులో ముంచి పూత పట్టించిన బోల్టులనే కోరవలెను.

స్తంభపు అడుగు పలకకు సరిపోవు రంధ్రములు గల మూస పలకలో బోల్టులను బిగించి, రసమట్టముతో సరిచూచి, కాంక్రీటు పోయునపుడు కదలకుండ నిలుపవలెను. మరలకు గ్రీజు పూసి గుడ్డ చుట్టవలెను. మూస లేకుండ కంటిచూపుతో నిలిపిన బోల్టులు తరువాత పలకకు అమరవు. అప్పుడు బోల్టును సుత్తితో కొట్టి వంచుటయో, పలక రంధ్రమును గ్యాసుతో కాల్చి పెద్దది చేయుటయో జరుగును. రెండును బలమును హరించునవే.

ఎం20 రకపు కాంక్రీటునకు, ఐ.యస్. 456 ప్రమాణములోని మామూలు పాళ్ల పట్టిక ప్రకారము, 50 కిలోల సిమెంటు సంచికి నీరు 30 లీటర్లకు మించరాదు. కలుపుట సులభమగునని నీరు ఎక్కువ పోసినచో బలము తగ్గును. పోసిన కాంక్రీటును బోల్టుల చుట్టు వైబ్రేటరుతో బాగుగ కూర్చవలెను. మామూలు సిమెంటునకు కనీసము 7 దినములు, బూడిద కలిపిన సిమెంటునకు కనీసము 10 దినములు తడిపి ఉంచవలెను. మన వేసవిలో ఇంకను కొన్ని దినములు తడుపుట మంచిది. దిమ్మె తగినంత గట్టిపడకమునుపే స్తంభమును నిలుపరాదు.

తొలిచి బిగించు పద్ధతి

పాత దిమ్మెకు, పాత పైకప్పునకు ఈ పద్ధతి తప్పదు. ఇందు ముఖ్యమైనది రంధ్రమును శుభ్రపరచుట. తొలిచినపుడు గోడలకంటిన పొడిని అట్లే ఉంచి జిగురు పోసినచో, జిగురు పొడికి అంటుకొనును గాని కాంక్రీటునకు అంటుకొనదు. ముందు గాలితో ఊది, కుంచెతో తోమి, మరల ఊదవలెను. ఎన్ని మారులు చేయవలెనో తయారీదారు ఇచ్చిన కాగితములో ఉండును. నోటితో ఒకమారు ఊది ఊరకుండుట చాలదు.

జిగురు గొట్టము మీది గడువు తేదీని చూడవలెను. గొట్టమును ఎండలో ఉంచరాదు. మొదట వచ్చు జిగురును, రంగు ఒకే తీరుగ వచ్చువరకు, పారవేయవలెను. రంధ్రపు అడుగునుండి పైకి నింపి, కడ్డీని త్రిప్పుచు దింపవలెను. వేడిమినిబట్టి జిగురు గట్టిపడు కాలము మారును. ఆ కాలము గడచువరకు కడ్డీని ముట్టరాదు.

తొలుచునపుడు లోపలి ఇనుప కడ్డీ అడ్డు వచ్చినచో దానిని కోయరాదు. ఇంజనీరు నడిగి స్థానము మార్చి, విడిచిన రంధ్రమును గట్టి సిమెంటు మిశ్రమముతో పూడ్పవలెను.

వ్రేలాడు బరువులయందు హెచ్చరిక

2006 జూలై 10వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరమున ఒక రహదారి సొరంగములో పైకప్పునకు వ్రేలాడు కాంక్రీటు పలకలు కూలి, కారులో ప్రయాణించుచున్న ఒక స్త్రీ మరణించెను. పడిన బరువు సుమారు 26 టన్నులు. అవి జిగురుతో అతికించిన కడ్డీలకు వ్రేలాడుచుండెను. త్వరగ గట్టిపడు ఆ జిగురు, ఎడతెగని బరువునకు మెల్లమెల్లగ సాగిపోయి కడ్డీలను వదలినదని విచారణలో తేలెను. కొలది నిమిషములు లాగి చూచిన పరీక్షలో నిలిచిన జిగురు, ఏండ్ల తరబడి లాగుడునకు నిలుచునని నమ్మరాదన్నది ఇందలి పాఠము. కావున తల మీద వ్రేలాడు బరువులకు జిగురు బోల్టులను వాడవలసి వచ్చినచో, ఎడతెగని లాగుడునకు తగినవని ధ్రువీకరింపబడిన రకమునే, ఇంజనీరు వ్రాతపూర్వకమైన ఆమోదముతో వాడవలెను.

సభ్యులు ఎప్పుడు ఉండవలెను?

బోల్టు పనిలో మంచి చెడులు రెండును కాంక్రీటు లోపలనే దాగియుండును. పని ముగిసిన పిమ్మట పైకి కనుపించునది నట్టు ఒక్కటియే. మంచి పనికిని చెడ్డ పనికిని నట్టు ఒకే విధముగ మెరయును. బిల్లు చెల్లించునాడు పోయి చూచుట, చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటయే. కావున ఈ నాలుగు సమయములందు ఒక సభ్యుడైనను పనిచోట ఉండునట్లు పంచాయతీ తీర్మానము చేసికొనుట మంచిది:

1. కాంక్రీటు పోయుటకు ముందు – బోల్టుల లావు, పొడవు, అంచు దూరము టేపుతో కొలువవలెను.

2. కాంక్రీటు పోయునపుడు – నీటి కొలత, బోల్టుల నిలుకడ చూడవలెను.

3. తొలిచిన తరువాత, జిగురు నింపుటకు ముందు – లోతును కొలిచి, రంధ్రమును శుభ్రపరచుట కన్నులార చూడవలెను.

4. నట్టు బిగించునపుడు – వాషరు ఉన్నదా, టార్కు పానాతో నిర్ణీతమైన బిగువు వరకు బిగించిరా అని చూడవలెను.

ఈ కొలతలను తేదీతో పుస్తకమున వ్రాసి, సెల్‌ఫోనుతో తీసిన ఛాయాచిత్రములను భద్రపరచవలెను. ఆ తరువాత ఏటేట, గాలివానలకు ముందు, ప్రతి స్తంభపు నట్టులను, త్రుప్పును, దిమ్మె పగుళ్లను పరిశీలింపవలెను. వదులైన నట్టును వెంటనే బిగింపవలెను. దిమ్మె పగిలినచో స్తంభమునకు దూరముగ జనులను ఉంచి, ఇంజనీరునకు తెలుపవలెను.

ఒక గంట కాలము, ఒక టేపు, ఒక పుస్తకము – మన వంతు పెట్టుబడి ఇంతియే. దీనికి ఫలముగ స్తంభము గాలికి నిలుచును. బిడ్డలు నిర్భయముగ ఊయల లూగుదురు. ప్రజల ధనము సద్వినియోగమగును.