సగటు మార్కు చెప్పని సంగతి: ప్రమాణాల ఆధారిత గ్రేడింగ్

భౌతికశాస్త్రంలో 72 మార్కులు వచ్చిన ఇద్దరు విద్యార్థులను ఊహించుకోండి. ఒకమ్మాయికి న్యూటన్ నియమాలు బాగా వచ్చు, కానీ గ్రాఫును చూసి అర్థం చెప్పలేదు. ఒకబ్బాయి నాలుగు పరీక్షల్లో 90 చొప్పున తెచ్చుకున్నాడు, కానీ అయిదోదైన ప్రాజెక్టు ఇవ్వలేదు కాబట్టి దానికి సున్నా పడింది. 360ని 5తో భాగిస్తే 72. ప్రోగ్రెస్ కార్డులో ఇద్దరిదీ ఒకే అంకె. అమ్మాయికి గ్రాఫులు నేర్పాలని, అబ్బాయికి కొత్తగా నేర్పాల్సింది పెద్దగా లేదని ఆ అంకెను చూసి ఎవరూ చెప్పలేరు.

ఈ చిక్కును విప్పడానికి అమెరికాలోని కొన్ని హైస్కూళ్లు ఎంచుకున్న దారే ప్రమాణాల ఆధారిత గ్రేడింగ్. విద్యార్థిని తోటివారితో కాకుండా, నేర్చుకోవాల్సిన విషయంతోనే పోల్చి కొలవాలన్న ఆలోచనను 1963లో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ గ్లేజర్ స్పష్టంగా ముందుకు తెచ్చారు. తగినంత సమయం, సరైన సాయం అందితే చాలామంది విద్యార్థులు పాఠాన్ని పూర్తిగా నేర్చుకోగలరని 1968లో బెంజమిన్ బ్లూమ్ వాదించారు. ఈ పద్ధతికి పునాది ఆ రెండు ఆలోచనలే.

సగటు ఎప్పుడు సరైనది?

లోలకం డోలనావర్తన కాలాన్ని ప్రయోగశాలలో పదిసార్లు కొలిచి సగటు తీస్తాం. ఆ కాలం మారదు, మారేది మన కొలతలోని దోషమే. ఆ దోషం ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా ఉంటుంది కాబట్టి సగటు తీస్తే చాలావరకు సర్దుకుంటుంది. మరి పొయ్యి మీద కాగుతున్న నీళ్ల సంగతి? థర్మామీటరు వరసగా 30, 50, 70, 90 డిగ్రీలు చూపిందనుకోండి. సగటు 60 డిగ్రీలు. ఆ లెక్కను నమ్మి గిన్నెలో వేలు పెడితే కాలుతుంది!

చదువు కాగే నీళ్ల లాంటిది, ఎందుకంటే అది మారుతూ ఉంటుంది. జూలైలో 40, సెప్టెంబరులో 55, డిసెంబరులో 75, మార్చిలో 90 తెచ్చుకున్న విద్యార్థికి సగటు 65 వస్తుంది. మొదట్లో తెలియకపోవడమనే నేరానికి ఏడాది పొడవునా శిక్ష పడుతున్నట్టే.

తరగతిలో ఎలా జరుగుతుంది?

మొదట పాఠ్యాంశాన్ని కొన్ని స్పష్టమైన ప్రమాణాలుగా విడదీస్తారు. అమెరికాలో 2013లో వెలువడిన సైన్స్ ప్రమాణాల్లో హైస్కూలుకు ఉద్దేశించిన ఒకదాన్ని చూద్దాం. వస్తువుపై పనిచేసే ఫలిత బలం, దాని ద్రవ్యరాశి, త్వరణం మధ్య ఉన్న సంబంధాన్ని న్యూటన్ రెండో నియమం వివరిస్తుందని దత్తాంశాల ఆధారంగా విద్యార్థి సమర్థించగలగాలి.

ప్రతి ప్రమాణానికీ సాధారణంగా నాలుగు స్థాయిలు ఉంటాయి. పై ప్రమాణానికి ఒక టీచరు వాటిని ఇలా రాసుకోవచ్చు:

స్థాయి 1: టీచరు సాయంతోనే గ్రాఫు గీయగలరు.

స్థాయి 2: సొంతంగా గీస్తారు, కానీ రేఖ వాలు దేన్ని సూచిస్తుందో చెప్పలేరు.

స్థాయి 3: బలం, త్వరణాల గ్రాఫులో వాలు ద్రవ్యరాశే అని కారణంతో వివరిస్తారు. అందరూ చేరాల్సిన గమ్యం ఇదే.

స్థాయి 4: ఘర్షణ ఉన్నప్పుడు, మనం ప్రయోగించిన బలంతో గీసిన రేఖ మూలబిందువు గుండా ఎందుకు వెళ్లదో కూడా చెప్పగలరు.

టీచరు రిజిస్టరులో ‘యూనిట్ టెస్టు’, ‘హోంవర్క్’ అనే గడుల స్థానంలో ఈ ప్రమాణాల పేర్లు ఉంటాయి. హోంవర్క్‌ను సాధనగానే చూస్తారు. తుది స్థాయిని నిర్ణయించేటప్పుడు ఇటీవలి ఫలితాలకు ఎక్కువ విలువ ఇస్తారు. చివరి పరీక్ష ఒక్కటే అదృష్టవశాత్తూ బాగా రాసి ఉండవచ్చు కాబట్టి, ఒకటికి మించిన ఆధారాలు చూడటం మంచిది. తప్పులు దిద్దుకుని, సాధన చేసిన వారికి మళ్లీ పరీక్ష రాసే అవకాశం ఉంటుంది.

ప్రాజెక్టు ఇవ్వని అబ్బాయిని వదిలేస్తారా? లేదు. సమయపాలన, శ్రద్ధ వంటివాటిని విడిగా నమోదు చేస్తారు. ప్రాజెక్టులో చూపాల్సిన ప్రమాణానికి ఎదురుగా ‘ఆధారం లేదు’ అని ఉంటుంది. దాన్ని అతను చూపి తీరాలి. అయితే, బద్ధకానికి పడిన సున్నా భౌతికశాస్త్రం రాదన్న ముద్రగా మాత్రం మారదు.

ఆచరణలో చిక్కులు

అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 2012లో హైస్కూలు డిప్లొమాను ప్రమాణాల్లో ప్రావీణ్యంతో ముడిపెడుతూ చట్టం చేసింది. 2018లో ఆ నిబంధనను తొలగించి, నిర్ణయాన్ని స్థానిక పాఠశాల వ్యవస్థలకు వదిలేసింది. చిక్కులు ఊహించదగినవే. ఒక టీచరు 3 ఇచ్చిన జవాబుకు మరొకరు 2 ఇవ్వవచ్చు. అందువల్ల టీచర్లు కొన్ని జవాబు పత్రాలను కలిసి దిద్ది, కొలమానాన్ని సరిచూసుకోవాలి. మళ్లీ పరీక్షలంటే పని భారం పెరుగుతుంది. ‘తర్వాత రాసుకోవచ్చులే’ అని వాయిదా వేసే పిల్లలూ ఉంటారు. కళాశాలలు మాత్రం ఎప్పటిలా ఒకే సగటు అంకెను అడుగుతాయి.

మన దగ్గర గ్రేడ్లు కొత్త కాదు. సీబీఎస్ఈ 2009లో తెచ్చి 2017లో ఉపసంహరించిన నిరంతర సమగ్ర మూల్యాంకనంలో 91 నుంచి 100 మార్కులకు ఏ1 గ్రేడు ఇచ్చేవారు. కానీ అది మార్కుల శ్రేణికి పెట్టిన పేరే, ఏ అంశం వచ్చో ఏది రాదో చెప్పేది కాదు. 2020 జాతీయ విద్యా విధానం ప్రతిపాదించిన సమగ్ర ప్రగతి పత్రం అసలు ప్రయోజనం నెరవేరాలంటే, మార్కులకు బదులు అక్షరాలు రాస్తే సరిపోదు.

ఇందుకు కొత్త చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఎఫ్‌ఏ, ఎస్‌ఏ ప్రశ్నపత్రంలో ప్రతి ప్రశ్న ఏ సామర్థ్యాన్ని పరీక్షిస్తోందో టీచరు పక్కన రాసుకుని, మార్కులను ఆ అంశాల వారీగా విడదీస్తే చాలు. ఒక్క పరీక్షతో తుది తీర్పు ఇవ్వలేకపోయినా, 72 వెనుక ఏముందో, రేపు ఏ పాఠం మళ్లీ చెప్పాలో తెలుస్తుంది. తల్లిదండ్రులు కూడా ‘ఎన్ని మార్కులు?’ అన్న ప్రశ్న పక్కన ‘ఏది ఇంకా రాలేదు?’ అన్న ప్రశ్నను చేర్చుకోవచ్చు.