కళ్లద్దాలు తీసే లేజర్‌కు చత్వారం లొంగదు

సూరత్ వజ్రాల కార్ఖానాల్లో లేజర్ కొత్త వస్తువేమీ కాదు. ముడి వజ్రాన్ని కోయడానికి దాన్ని ఎప్పటినుంచో వాడుతున్నారు. కిరణం పడ్డచోట వజ్రం విపరీతంగా వేడెక్కి, నల్లటి గ్రాఫైటుగా మారి కాలిపోతుంది. అలాంటి కిరణాన్ని కంటిమీద పెడతారంటే భయం వేయడం సహజమే. కానీ ఆ లేజర్ వేరు, ఈ లేజర్ వేరు.

కంటికి వాడేది ఎక్సైమర్ లేజర్. 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి. ఇది కణజాలాన్ని కాల్చదు, అణువుల మధ్య బంధాలను తెంచుతుంది. తెగిన ముక్కలు వేడిని తమతోపాటే తీసుకుని ఎగిరిపోతాయి. పక్క కణాలకు దాదాపు సెగ తగలదు. ఈ సంగతి కనిపెట్టిన ముగ్గురిలో మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివిన రంగస్వామి శ్రీనివాసన్ ఒకరు. 1981 నవంబరులో, అమెరికాలోని ఐబీఎం ప్రయోగశాలలో, పండగ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్కమీద ఆయన ఈ కాంతిని ప్రయోగించి చూశారు. అంచులు మాడకుండా శుభ్రంగా గాటు పడింది. నేత్రవైద్యుడు స్టీఫెన్ ట్రోకెల్ 1983లో దీన్ని కార్నియా దాకా తెచ్చారు.

కంటి ముందున్న పారదర్శకమైన పొర కార్నియా. మందం సుమారు అర మిల్లీమీటరు. కాంతిని వంచే పనిలో మూడింట రెండు వంతులు దానిదే. హ్రస్వదృష్టి ఉన్నవారిలో బొమ్మ రెటీనాకు ముందే ఏర్పడుతుంది. లాసిక్‌లో కార్నియా పైపొరను మూతలా లేపి, లోపలి భాగాన్ని లేజర్‌తో కాస్త చదును చేసి, మూత మళ్లీ పరుస్తారు. ఒక్కో డయాప్టరుకు 12 మైక్రాన్ల వరకు చెక్కాలి. పవర్ ఎక్కువైనా, కార్నియా పలచనైనా డాక్టరు వద్దనేది ఇందుకే. పెళ్లి కుదిరిందని తొందరపెట్టినా, చెక్కిన పొర తిరిగి పెరగదు.

ఇక అసలు విషయం. సూరత్ లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుంచి వలసవెళ్లిన నేత కుటుంబాలు చాలా ఉన్నాయి. మగ్గం మీద తెగిన పోగు అతకడం, చీర మీద జరీ పని, అన్నీ దగ్గరి చూపుతో నడిచేవే. నలభై దాటాక కంటిలోని కటకం బిరుసెక్కి చత్వారం వస్తుంది. లాసిక్ మార్చేది కార్నియాను, కటకాన్ని కాదు. మైనస్ 3 పవర్ ఉన్న మనిషి నలభై అయిదేళ్లప్పుడు అద్దాలు తీసేస్తే చాలు, 33 సెంటీమీటర్ల దూరంలో పోగు స్పష్టంగా కనిపిస్తుంది. అదే మనిషి పాతికేళ్లకు లాసిక్ చేయించుకుని ఉంటే, ఆ పోగు కోసమే దగ్గరి చూపు అద్దాలు కొనుక్కోవాలి.

అలాగని చేయించుకోకూడదని కాదు. రోజంతా బండి నడిపేవారికి దూరపు చూపే ముఖ్యం. నలభైకి దగ్గరపడినవారికి ఒక కంటిని దూరానికి సరిచేసి, రెండో కంట్లో కొద్దిగా మైనస్ మిగిల్చే పద్ధతీ ఉంది. అది అందరికీ పడదు. ముందుగా కొన్నాళ్లు కాంటాక్ట్ లెన్సులతో ఆ తేడాను అలవాటు చేసుకుని చూడమంటారు. ఆ రోజుల్లో మీ పని మీరు మామూలుగా చేసుకోగలిగారా లేదా అన్నదే డాక్టరుకు చెప్పాల్సిన మాట.