తాళాల బోర్డు చెప్పని లెక్క

బీదర్

చి. మేనకోడలికి,

ట్రైనింగుకు చేరిన లాడ్జి తొంభై శాతం నిండుతోందని సంబరంగా రాశావు. సంతోషమే. అయితే తాళాల బోర్డు చూసి ఎన్ని గదులు నిండాయో చెప్పొచ్చు గానీ, హోటల్ ఎంత బాగా నడుస్తోందో చెప్పలేం.

బీదర్‌లో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి కారులో పొద్దున బయల్దేరినవాళ్లు కోట, 1472 నాటి మహమూద్ గవాన్ మదరసా, అష్టూరు సమాధులు చూసి, ఓ బిద్రీ పెట్టె కొనుక్కుని రాత్రికి ఇల్లు చేరొచ్చు. వాళ్ల డబ్బు భోజనం బల్ల దగ్గర పడుతుంది, గదికి రాదు. నానక్ ఝీరా గురుద్వారాకు వచ్చే యాత్రికులకు అక్కడే బస ఉంది, లంగర్‌లో భోజనం ఉచితం. కాబట్టి ఊరు కిక్కిరిసిందంటే లాడ్జీలన్నీ నిండినట్టు కాదు. 2020 ఫిబ్రవరిలో బెంగళూరు విమానం మొదలైంది. మధ్యలో ఆగింది, మళ్లీ వచ్చింది. విమానం ఆగి గదులు ఖాళీ అయితే అది మేనేజరు చేతకానితనమా? ఊరి అదృష్టాన్నీ లాడ్జి పనితనాన్నీ విడదీసి చూడటమే హోటల్ కొలతల అసలు పని.

ఊరికే లెక్క కోసం రెండు లాడ్జీలు అనుకుందాం. చెరో 40 గదులు. ఒక రాత్రి మొదటిదాంట్లో 900 రూపాయల చొప్పున 36 గదులు పోయాయి, రాబడి 32,400. రెండోదాంట్లో 1,400 చొప్పున 26 మాత్రమే పోయాయి, రాబడి 36,400. ఖాళీవాటితో సహా మొత్తం 40 గదులకూ పంచితే మొదటిదానికి గదికి 810, రెండోదానికి 910. దీన్నే రెవ్‌పార్ అంటారు. మేనేజర్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నువ్వు ఆగకు. నిండిన ప్రతి గదికీ దుప్పట్ల ఉతుకు, సబ్బు, వేడినీళ్లు, బుకింగ్ కమిషన్ కలిపి 250 ఖర్చనుకో. జీతాలు, కరెంటు వగైరా రోజుకు చెరో 18,000. అన్నీ పోగా మొదటి లాడ్జికి మిగిలేది 5,400, రెండోదానికి 11,900. తొంభై శాతం నిండినది అరవై అయిదు శాతం నిండినదాంట్లో సగం కూడా మిగల్చలేదు! ఈ మిగులును మొత్తం గదులకు పంచితే వచ్చేదే గాప్‌పార్. యజమాని అడగాల్సిన అంకె అది.

ఒక జాగ్రత్త. గది ధరలో పన్ను కలపకు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 రూపాయల లోపు గదులకు జీఎస్టీ 5 శాతానికి తగ్గింది, కానీ ఇన్‌పుట్ క్రెడిట్ పోయింది. అంటే రిపేర్ల మీదా, కొన్న సామాన్ల మీదా లాడ్జి కట్టే పన్ను ఇప్పుడు నేరుగా ఖర్చులో పడుతుంది. పాత నెలలతో పోల్చేటప్పుడు ఇది మర్చిపోతే లెక్క తప్పుతుంది.

ఏ ఖర్చు ఏ పద్దు కింద రాయాలన్నది ఎవరిష్టం వాళ్లదైతే పోలికే కుదరదు. అందుకే న్యూయార్క్ హోటళ్ల సంఘం 1926లోనే ఉమ్మడి ఖాతా పద్ధతి ఒకటి అచ్చేసింది. దాని పన్నెండో కూర్పు ప్రకారం కరెంటుకూ, నీళ్లకూ, చెత్తకూ విడిగా లెక్క చూపాలి. నీటి లెక్క బీదర్‌కు కొత్తేమీ కాదు. నౌబాద్ దగ్గర భూమి లోపల తవ్విన కరేజ్ కాలువ బహమనీ సుల్తానుల నాటిది. ట్యాంకరు బిల్లును నిండిన గదులతో భాగించి చూడు. కారుతున్న కుళాయిల సంగతి ప్లంబరు కంటే ముందు నీకే తెలుస్తుంది.

ఇక పక్క హోటళ్లతో పోలిక. ఉద్గీర్ రోడ్డులోని ప్రభుత్వ హోటల్ మయూర బరీద్ షాహీని హైదరాబాద్ బంజారాహిల్స్ తాజ్ కృష్ణ పక్కన పెట్టి తూచడం అర్థంలేని పని. 1978లో చార్న్స్, కూపర్, రోడ్స్ అనే ముగ్గురు పండితులు సరైన పోలికకో దారి చూపారు. గదులు, సిబ్బంది, ఖర్చు ఇంత పెట్టి రాబడి, అతిథుల తృప్తి ఎంత రాబట్టారో చూసి, తమలాంటి వాళ్లలో మేటివాళ్లతో ప్రతి సంస్థనూ పోల్చే గణిత పద్ధతి అది. పేరు డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్. 1995లో మోరీ, డిట్‌మన్ దాన్ని 54 అమెరికన్ హోటళ్ల మేనేజర్ల మీద ప్రయోగించారు. నాకు నచ్చిన పద్ధతే, కానీ దానికో బలహీనత ఉంది: హోటళ్లు తక్కువైతే అందరినీ సమర్థులనేస్తుంది. పెట్టేవి మూడు, రాబట్టేవి రెండు అనుకుంటే, ఆ అయిదుకు మూడు రెట్లు, కనీసం పదిహేను హోటళ్లయినా కావాలని వాడుకలో ఉన్న లెక్క. ఒకే తరహావి అన్ని బీదర్‌లో దొరక్కపోతే జహీరాబాద్, కలబురగి, లాతూర్‌లవీ కలుపుకో.

ముందు మాత్రం చిన్న పని చెయ్యి. ఒక శనివారం, ఒక మంగళవారం రాత్రి రిజిస్టర్లు పక్కపక్కన పెట్టు. మీది 24 గంటల చెకౌట్ కాబట్టి ఒకే గది రోజులో రెండుసార్లు అమ్ముడైతే దాన్ని విడిగా గుర్తుపెట్టు. రిపేరులో ఉన్న గదులను మొత్తంలోంచి తీసేయమని మీ మేనేజరు అంటే, తీయకుండా ఓసారి, తీసి ఓసారి లెక్క కట్టి రెండూ నాకు పంపు.

అమ్మనూ నాన్ననూ అడిగానని చెప్పు.

మీ మామయ్య