విషాలను విరిచే ఎంజైములు - నెలసరి నొప్పి

మాది డోంగ్లి. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసింది మేమే మొదలు. ఇప్పుడు ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాం. నెలనెలా నొప్పితో ట్రంకుపెట్టె పక్కన ముడుచుకుని పడుకున్న రోజుల్లో ఊరి పెద్దమ్మలు "పెండ్లయితే అదే పోతది" అనేవారు. పెళ్ళి దీనికి మందు కాదని చదువుకున్నాకే తెలిసింది.

గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం బయట, అంటే అండాశయాల మీదో పేగుల మీదో పెరగడాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పిల్లలు కనే వయసు స్త్రీలలో సుమారు 10 శాతం మందికి ఇది ఉంది.

1993లో అమెరికా శాస్త్రవేత్తలు, డయాక్సిన్ కలిపిన మేత తిన్న కోతులలో ఈ జబ్బు ఎక్కువైందని ప్రకటించారు. (ప్లాస్టిక్ చెత్త కాల్చినా డయాక్సిన్లు పుడతాయి. ఏ హాస్టల్ వెనక చూసినా ఆ పొగే కదా!) మరి, విషాలను సరిగా విరవలేని శరీరాలకే ఈ జబ్బు వస్తుందా అనే అనుమానం బలపడింది.

మన శరీరం చాలా విషాలను రెండు అంచెలలో పంపిస్తుంది. సీవైపీ1ఏ1 వంటి ఎంజైము ముందు దాన్ని మారుస్తుంది. ఒక్కోసారి మారిన పదార్థమే ఎక్కువ ప్రమాదకరం. అప్పుడు జీఎస్‌టీ ఎంజైములు దానికి గ్లూటథయోన్‌ను అతికించి, నీళ్ళలో కరిగేలా చేసి సాగనంపుతాయి. చిత్రమేమిటంటే జీఎస్‌టీఎం1 అనే జన్యువు కొందరికి తల్లి నుంచీ రాదు, తండ్రి నుంచీ రాదు. చెడిపోవడం కాదు, అసలుండదు! ఐరోపావారిలో దాదాపు సగం మంది ఇలాంటివారే.

1997లో ఫ్రాన్సులో ఈ లోపానికీ జబ్బుకూ సంబంధం కనిపించింది. హైదరాబాదు సీసీఎంబీలో ఎస్. శివాజీ గారి బృందం, సికింద్రాబాదు వైద్యురాలు మమతా దీనదయాళ్ గారితో కలిసి, జబ్బు ముదిరిన దక్షిణ భారత స్త్రీలలో ఇవే జన్యువులను పరిశీలించి 2005లో ప్రచురించింది. మన ఆడవాళ్ళ నొప్పిని మన దగ్గరే పరిశోధించారని చదివి మాకు గర్వం కలిగింది. అయితే దేశదేశాల ఫలితాలు ఒకదానితో ఒకటి కలవలేదు. 2023లో 60 వేలకు పైగా రోగుల జన్యువులను పరిశీలిస్తే 42 చోట్ల తేడాలు దొరికాయి. ఏ ఒక్కటీ జబ్బును తేల్చి చెప్పేది కాదు.

ప్రాక్టికల్స్‌లో మేము మా సొంత డీఎన్‌ఏతో జీఎస్‌టీఎం1 చూసుకున్నాం. మా రూమ్మేటుకు బ్యాండ్ రాలేదు. పాపం, రాత్రంతా ఏడ్చింది. ఆమెకు ఏనాడూ నొప్పి లేదు. బ్యాండ్ చక్కగా వచ్చిన మాకే ఆ జబ్బు!

అది బయటపడింది జెల్ మీద కాదు. మూడు నెలల తేదీలు, మింగిన మాత్రలు, తప్పిన క్లాసులు నోటుబుక్కులో రాసి పట్టుకుపోతే డాక్టరమ్మ ఓపికగా చదివింది. స్కానింగ్‌లో ఏమీ కనపడకపోయినా "ఏం లేదు, పో" అనలేదు.