రిమోట్ డిమ్మర్ మొరాయిస్తే

ప్రశ్న: హాల్లో రిమోట్‌తో పనిచేసే డిమ్మర్ స్విచ్ పెట్టించాం. వెలుగు తగ్గించగానే ఎల్‌ఈడీ బల్బు మినుకుమినుకుమంటోంది. ఒక్కోసారి రిమోట్ నొక్కినా పలకదు. స్విచ్ పాడైనట్టేనా?
— ఒక పాఠకురాలు, లింగాల, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: స్విచ్ మార్చేముందు బల్బు చూడండమ్మా. అట్టపెట్టె మీద ‘డిమ్మబుల్’ అని లేకపోతే చాలావరకు తప్పు దానిదే. మామూలు డిమ్మర్ 230 వోల్టుల కరెంటు అలను సెకనుకు 100 సార్లు కత్తిరించి వెలుగు తగ్గిస్తుంది. పాత గుండు బల్బు దాన్ని ఇట్టే సర్దుకునేది. ఎల్‌ఈడీలోని డ్రైవర్ తికమకపడుతుంది. డిమ్మబుల్ రకమే అయినా, 9 వాట్ల బల్బు ఒక్కటే ఉంటే డిమ్మర్‌కు కావలసిన కనీస లోడు అందకపోవచ్చు. అలాంటిదే ఇంకోటి కలిపి చూడండి. పొలాల మోటార్లు నడిచే వేళల్లోనే మినుకుతుంటే మాత్రం అది ఓల్టేజీ గొడవ, లైన్‌మన్‌కు చెప్పాల్సిందే.

రిమోట్‌కు ముందు కొత్త సెల్ వేయండి. దగ్గరికెళ్తేనే పలుకుతోందంటే, ఇనుప బోర్డు పెట్టె సిగ్నల్‌ను అడ్డుకుంటున్నట్టు. దగ్గరైనా పలక్కపోతే జత తప్పి ఉంటుంది. కంపెనీ కాగితంలో ఉన్నట్టు మళ్లీ జతచేయండి. ఫ్యాన్‌ను ఈ డిమ్మర్‌కు తగిలించొద్దు. బోర్డు విప్పే పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి, అదీ మెయిన్ ఆపాకే. లైటు ఆరినా డిమ్మర్‌లో కరెంటు ఉంటుంది.