లివర్‌కు చుక్కల మందు వాడవచ్చా?

ప్రశ్న: నా వయసు 46. తిన్నాక కడుపుబ్బరం, కుడి డొక్కలో బరువు. స్కానింగ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అన్నారు. తెలిసినవాళ్లు చెబితే హోమియో షాపులో చెలిడోనియం చుక్కల మందు కొన్నాను. సైడ్ ఎఫెక్టులు ఉండవంటున్నారు. వాడవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దనే నా సలహా. సీసా మీద మందు పేరు పక్కన ఏముందో చూడండి. 30 లేదా 200 అని ఉంటే అది పలచన చేసిన మందు. ఒక వంతుకు 99 వంతులు కలిపి పలచన చేయడాన్ని 30 సార్లు చేస్తే అసలు పదార్థం ఒక్క అణువైనా మిగలదు. దానివల్ల హాని లేదంటే నమ్మవచ్చు, కానీ మేలు కూడా ఆశించలేం. క్యూ అని ఉంటే మాత్రం అది మదర్ టింక్చర్. మొక్క సారాన్ని ఆల్కహాల్‌లోకి దించిన ద్రావణం కాబట్టి అందులో ఆల్కలాయిడ్లు నిజంగానే ఉంటాయి. చెలిడోనియం మొక్కతో చేసిన మూలికా మందులు వాడినవారిలో లివర్ వాపు, కామెర్లు వచ్చిన కేసులు ఐరోపాలో ఎన్నో నమోదయ్యాయి. 2008లో జర్మనీ ఈ ఆల్కలాయిడ్ల మోతాదుకు పరిమితి పెట్టింది. లివర్ బాగుకోసం వేసుకునే మందే లివర్‌ను దెబ్బతీసే అవకాశం ఉన్నప్పుడు ఎందుకు వాడాలి? చుక్కల్లో వెళ్లే ఆల్కహాల్ కొంచెమే అయినా, తాగుడు మానడానికి డైసల్ఫిరామ్ వాడేవారికి అదీ మంచిది కాదు.

‘వాడినవాళ్లకు తగ్గింది కదా’ అని మీరు అడగవచ్చు. అజీర్తి, ఉబ్బరం కొన్నాళ్లు ఎక్కువై, కొన్నాళ్లు వాటంతటవే తగ్గుతాయి. అందుకే ఇలాంటి బాధలపై జరిగే పరీక్షల్లో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలోనూ చాలామందికి ఉపశమనం కనిపిస్తుంది. హెపటైటిస్ ఎ, ఇ వల్ల వచ్చే కామెర్లు ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. ఆ పేరు పసరు మందుకో చుక్కల మందుకో దక్కుతుంది. ఆస్ట్రేలియా వైద్య పరిశోధన మండలి అధ్యయనాలను పరిశీలించి, హోమియో పనిచేస్తుందనడానికి ఏ జబ్బు విషయంలోనూ నమ్మదగిన ఆధారం లేదని 2015లో తేల్చింది.

పైగా గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ సాధారణంగా ఏ బాధా పెట్టదు. మీ ఉబ్బరానికి కారణం ఎసిడిటీ, హెచ్. పైలోరి బ్యాక్టీరియా, పిత్తాశయంలో రాళ్లలో ఏదైనా కావచ్చు, అది వెతకాలి. లివర్ పరీక్షలు, షుగర్, కొలెస్ట్రాల్ చేయించుకోండి. మీరు బరువు ఎక్కువుంటే అందులో 7 నుంచి 10 శాతం తగ్గించండి, 80 కిలోలైతే 6 నుంచి 8 కిలోలు. లివర్‌లో కొవ్వు, వాపు తగ్గడానికి గట్టి ఆధారం ఉన్న మార్గం ఇది. చుక్కలు ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆపేయండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, మలం నల్లగా ఉన్నా, ప్రయత్నించకుండానే బరువు తగ్గినా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆ సీసా కూడా వెంట తీసుకెళ్లి చూపించండి.