నేల అడిగిన పంటే వేద్దాం

ఫ్రాన్స్ దేశంలో బోర్డో సీమ ఎర్ర వైన్‌కు లోకమంతా పేరు పొందింది. అక్కడ ఏటికి ఎడమ వైపు ఎక్కువగా గులకరాళ్ల నేల. నీళ్లు నిలవవు, రాళ్లు ఎండకు వేడెక్కుతాయి. ఆలస్యంగా పండే కాబెర్నే సోవిన్యాన్ ద్రాక్ష అక్కడ పెడతారు. కుడి వైపు చల్లని బంకమట్టి. అక్కడ ముందే పండే మెర్లో రకం. సీమ ఒకటే, నేలను బట్టి తీగ మారింది.

మన జహీరాబాద్‌లోనూ అంతే. ఒకచోట ఎర్ర నేల, ఇంకోచోట నల్లరేగడి. ఎర్ర నేలలో నీళ్లు తొందరగా ఇంకుతాయి. అందుకే అల్లం, ఆలుగడ్డ దుంప బాగా ఊరుతుంది. కానీ ఆ మట్టిలోని ఇనుము భాస్వరాన్ని పట్టేసి మొక్కకు అందనీయదు. పశువుల ఎరువు దండిగా వేయాలి. రేగడి తేమను దాచుకుంటుంది. వానలు పోయినంక ఆ తేమ మీదనే యాసంగి జొన్న, శనగ పండుతాయి.

పక్కాయనకు అల్లంలో లాభం వచ్చిందని నీళ్లు నిలిచే రేగట్లో మీరూ వేస్తే దుంప కుళ్లుతుంది. విత్తనం ఖర్చు మట్టిపాలు, అప్పు మన పాలు.

అందుకే ముందు ఇవి చేయండి:

1. అడుగున్నర గుంట తవ్వి నీళ్లు నింపండి. ఇంకినాక మళ్లీ నింపండి. మరునాటికీ నీళ్లుంటే అక్కడ దుంప పంట వద్దు.

2. చేనులో 8-10 చోట్ల 6 అంగుళాల లోతు మట్టి తీసి, కలిపి, అరకిలో పరీక్షకు పంపండి.

విత్తనం కొనకముందే నేలను అడగండి.